45ఎస్5 గాజు పొడి కలిపిన డోముల్లో అడుగు ఆర్గనాయిడ్లు మాత్రమే నల్లబడుతున్నాయి: మోతాదు తప్పా, పద్ధతి తప్పా?

పేగుకణం అడిగిన ప్రశ్న

ఎలుక చిన్నపేగు ఆర్గనాయిడ్ల (జెల్‌లో పెంచిన బుల్లి పేగు కణముద్దల) మీద 45ఎస్5 అనే బయోయాక్టివ్ గాజు (ద్రవంలో మెల్లగా కరిగి అయాన్లు వదిలే గాజు) ప్రభావం చూడాలి. ప్రస్తుత పద్ధతి ఇది: 24 వెల్ ప్లేటు, ఒక్కో వెల్‌లో 50 మైక్రోలీటర్ల మాట్రిజెల్ (చల్లగా ఉంటే ద్రవం, వెచ్చబడితే గట్టిపడే ప్రోటీన్ జెల్) డోమ్, అంటే గుండ్రటి బొట్టు, దాని మీద 500 మైక్రోలీటర్ల మీడియం (అడ్వాన్స్‌డ్ డీఎంఈఎం/ఎఫ్12లో ఈజీఎఫ్, నాగిన్, ఆర్-స్పాండిన్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ ప్రోటీన్లు, బీ27 సప్లిమెంట్, ఎన్-అసిటైల్ సిస్టీన్). 45ఎస్5 పొడి 10 నుంచి 20 మైక్రాన్లది. ఆటోక్లేవ్ చేసి, చల్లటి మాట్రిజెల్‌లో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల చొప్పున కలిపి, డోములు వేసి, 37 డిగ్రీల్లో 20 నిమిషాలు గట్టిపడనిచ్చాక మీడియం పోస్తున్నాం.

ఫలితం ఇలా ఉంది. 24 గంటలకు మీడియం ఎర్ర రంగు వదిలి గులాబీ-ఊదా వైపు వెళ్తోంది. రెండో రోజుకు డోమ్ అడుగున ఉన్న ఆర్గనాయిడ్లు నల్లబడి ముడుచుకుపోతున్నాయి, పైవి మామూలుగా మొగ్గలు వేస్తున్నాయి. ఏటీపీ పరీక్షలో (బతికున్న కణాల శక్తి అణువును కాంతితో కొలిచేది) కంట్రోల్ (పొడి లేని డోమ్) కంటే 30 శాతం తక్కువ వస్తోంది. ఆర్ఎన్ఏ మాత్రం కంట్రోల్‌లో ఐదో వంతే దొరుకుతోంది. ఈ రెండు అంకెలూ ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

మోతాదు తగ్గిస్తే సరిపోతుందా? పొడి నేరుగా కలపకుండా అయాన్లు దిగిన మీడియం వాడాలా? ఆర్ఎన్ఏ ఎందుకు పోతోంది?

గాజురసాయనం జవాబు

పైవి బతికి కిందవి చావడంలోనే మీ జవాబు ఉంది. పొడి మొత్తం అడుక్కి దిగిపోయింది.

లెక్క చూడండి. 45ఎస్5 సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.7 గ్రాములు. చల్లటి మాట్రిజెల్ నీటికంటే పదింతలు చిక్కగా ఉందనుకున్నా, 15 మైక్రాన్ల రేణువు సెకనుకు దాదాపు 20 మైక్రాన్ల చొప్పున కిందికి జారుతుంది. మీ డోమ్ ఎత్తు 2 మిల్లీమీటర్లు ఉంటుందేమో. జెల్ పట్టుకునేలోపే, రెండు నిమిషాలు తిరక్కుండానే, రేణువులు ప్లాస్టిక్ మీదికి చేరిపోతాయి. అంటే మీరు కాగితం మీద రాసుకున్న 5 మిల్లీగ్రాముల మోతాదు ఏ ఆర్గనాయిడ్‌కూ అందలేదు. పైవాటికి దాదాపు ఏమీ అందలేదు, అడుగు పదో వంతు మందంలో ఉన్నవాటికి పదింతలు అందింది.

ఇప్పుడు రసాయనం. 45ఎస్5లో బరువు ప్రకారం 45 శాతం సిలికా, 24.5 శాతం సోడియం ఆక్సైడ్, 24.5 శాతం కాల్షియం ఆక్సైడ్, 6 శాతం ఫాస్ఫరస్ పెంటాక్సైడ్. లీటరుకు 1 గ్రాము పొడి పూర్తిగా కరిగితే సోడియం 7.9 మిల్లీమోలార్, కాల్షియం 4.4, సిలికాన్ 7.5, ఫాస్ఫేట్ 0.85 వస్తాయి. మీ వెల్‌లో ఉన్నది 250 మైక్రోగ్రాముల పొడి, మొత్తం ద్రవం 550 మైక్రోలీటర్లు. అంతా కరిగి సమంగా పరుచుకున్నా కాల్షియం 2 మిల్లీమోలార్, సోడియం 3.6 మాత్రమే పెరుగుతాయి. మీడియంలో మొదటే 1 మిల్లీమోలార్ పైచిలుకు కాల్షియం ఉంది, కాబట్టి సగటున చూస్తే ప్రాణం తీసే సంగతేమీ కాదు. కానీ అడుగున ఆ పలుచటి పొరలో మొదటి గంటల్లో సోడియం బయటికి వస్తూ, దాని బదులు నీటిలోని హైడ్రోజన్ అయాన్లు గాజులోకి వెళ్తాయి. అక్కడి పీహెచ్ మీడియం రంగు చూపించేదానికంటే చాలా ఎక్కువ ఉంటుంది. పైన మీడియం గులాబీ రంగుకు వచ్చిందంటే కింద అంతకు ముందే కాలిపోయిందని అర్థం.

కాబట్టి మోతాదు ఒక్కటే తగ్గిస్తే తక్కువ ఆర్గనాయిడ్లు నల్లబడతాయి గానీ ప్రయోగం బాగుపడదు. ముందు రేణువు పరిమాణం తగ్గించండి. జారే వేగం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది: 15 మైక్రాన్ల నుంచి 2 మైక్రాన్లకు వస్తే వేగం యాభై రెట్లకు పైగా పడిపోతుంది. అయితే అదే బరువుకు ఉపరితల వైశాల్యం ఏడున్నర రెట్లు పెరుగుతుంది, అయాన్లు అంత త్వరగా దిగుతాయి. అందుకే పొడి పరిమాణం మార్చినప్పుడు బరువు మోతాదు అలాగే ఉంచితే పోలిక చెల్లదు. చదరపు సెంటీమీటర్లలో వైశాల్యం లెక్కగట్టి మోతాదు రాసుకోండి.

డోములు వేశాక ప్లేటును 37 డిగ్రీల్లో నిమిషం లోపు మామూలుగా ఉంచి, వెంటనే తలకిందులు చేయండి. డోమ్ వేలాడుతూ గట్టిపడుతుంది. పొడి కలిపిన జెల్‌ను మంచు మీద నిలవ ఉంచొద్దు: ప్రతి రెండు డోములకోసారి పిపెట్‌తో మెల్లగా కలపండి. లేకపోతే మొదటి వెల్‌కూ పన్నెండో వెల్‌కూ మధ్య మోతాదు తేడా వచ్చి, అది ప్లేటు మీద వరసగా కనిపిస్తుంది.

ఆటోక్లేవ్ మానేయండి. ఆవిరి తగిలితే గాజు ఉపరితలం అక్కడే కరగడం మొదలవుతుంది, మీరు ప్లేటులో వేసేది అప్పటికే సగం వాడిన గాజు. పొడి వేడి వాడండి. 180 డిగ్రీల్లో 2 గంటలు క్రిమిరహితానికి సరిపోతుంది, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థం) కూడా పోవాలంటే 250 డిగ్రీల్లో 30 నిమిషాలు. 45ఎస్5 మెత్తబడేది 500 డిగ్రీలు దాటాకే, కాబట్టి నిర్మాణానికి ఇబ్బంది లేదు. తర్వాత మూత బిగించి డెసికేటర్‌లో పెట్టండి. తేమ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి ఉపరితలం మీద కార్బొనేట్ కట్టిస్తాయి, రెండు నెలల పాత పొడి కొత్తదానిలా ప్రవర్తించదు.

ఇక అయాన్లు దిగిన మీడియం, అంటే ఎక్స్‌ట్రాక్ట్. మొదటి ప్రయోగం దానితోనే చేయమంటాను. ఐఎస్ఓ 10993-12లో ఉన్న మిల్లీలీటరుకు 0.2 గ్రాముల నిష్పత్తిని మాత్రం పట్టుకోకండి. అది వైద్య పరికరాల కోసం రాసినది. ఈ గాజుతో ఆ నిష్పత్తిలో విడుదల కాగల సోడియం లీటరుకు ఒకటిన్నర మోల్ దాటుతుంది. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టండి. గ్రోత్ ఫ్యాక్టర్లు, బీ27 ఏవీ లేని ఒట్టి మీడియంలో, 37 డిగ్రీల్లో, 24 గంటలు, మెల్లగా తిప్పుతూ ఉంచండి. ప్రోటీన్లు ముందే ఉంటే గాజుకు అంటుకుపోతాయి, నాగిన్ తగ్గిందా అయాన్లు పనిచేశాయా అన్నది ఎప్పటికీ తేలదు. తర్వాత 0.2 మైక్రాన్ల ఫిల్టర్, ఆ తర్వాతే గ్రోత్ ఫ్యాక్టర్లు. నానో గాజు అయితే ఫిల్టర్ చాలదు, 200 నానోమీటర్ల లోపు రేణువులు దానిలోంచి హాయిగా వెళ్లిపోతాయి. 10 కిలోడాల్టన్ల అల్ట్రాఫిల్టర్ వాడండి.

ఎక్స్‌ట్రాక్ట్‌ను ఇంక్యుబేటర్‌లో 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కింద 3, 4 గంటలు మూత వదులు చేసి ఉంచి, అప్పుడు పీహెచ్ చూడండి. బయట టేబుల్ మీద కొలిస్తే వాయువు వెళ్లిపోయి అంకె ఎక్కువ వస్తుంది. 7.6 దాటితే 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 7.4కు తెచ్చి, ఆస్మోలాలిటీ (కరిగిన పదార్థాల మొత్తం గాఢత) కొలవండి. కిలోకు 280 నుంచి 320 మిల్లీఆస్మోళ్ల మధ్య ఉండాలి.

కంట్రోళ్లు: అదే ఫిల్టర్‌లోంచి, అదే 24 గంటలు తిప్పిన ఒట్టి మీడియం. కాల్షియం క్లోరైడ్‌తో ఎక్స్‌ట్రాక్ట్ స్థాయికి కాల్షియం పెంచిన మీడియం. సోడియం క్లోరైడ్‌తో ఆస్మోలాలిటీ సరిపెట్టినది. ఈ మూడూ లేకుండా "సిలికాన్ వల్ల మొగ్గలు పెరిగాయి" అని రాయలేం.

కొలబద్ద జవాబు

ఆర్ఎన్ఏ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడ కణాలు చనిపోయాయనుకుని తప్పు దారి పడతారు.

ఆర్ఎన్ఏ కిట్ కాలమ్‌లో ఉండే పొర ఏమిటి? సిలికా. గ్వానిడీన్ లవణం ఉన్న బఫర్‌లో న్యూక్లిక్ ఆమ్లాలు సిలికాకు పట్టుకుంటాయి, అదే ఆ కాలమ్ పనిచేసే సూత్రం. కరుగుతున్న 45ఎస్5 రేణువు చుట్టూ కూడా సిలికా జెల్ పొరే ఉంటుంది. మీరు డోమ్‌ను లైసిస్ బఫర్‌లో (కణాలను పగలగొట్టే ద్రావణంలో) కరిగించగానే, కాలమ్ కంటే ముందే మీ పొడి ఆర్ఎన్ఏను పట్టేసుకుంటుంది. తర్వాత రేణువులు కాలమ్ మీదికి చేరి దారి మూసేస్తాయి, పట్టుకున్నది కడిగినా పూర్తిగా దిగదు. ఏటీపీ 30 శాతమే తగ్గి ఆర్ఎన్ఏ 80 శాతం మాయమైతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

తేల్చడం సులువు. కణాలు లేని డోమ్ ఒకటి పొడితో, ఒకటి పొడి లేకుండా వేయండి. రెండిట్లోనూ లైసిస్ బఫర్ పోశాక, ముందే కొలిచి పెట్టుకున్న ఆర్ఎన్ఏ 1 మైక్రోగ్రాము కలిపి, మామూలు పద్ధతిలో తీయండి. పొడి ఉన్నదాంట్లో ఎంత తక్కువ తిరిగి వస్తే అంత నష్టం మీ పొడిదే.

తప్పించుకోవడానికి, లైసిస్‌కు ముందే ఆర్గనాయిడ్లను పొడి నుంచి వేరు చేయండి. జెల్‌ను 4 డిగ్రీల్లో రికవరీ ద్రావణంతో 30 నుంచి 60 నిమిషాలు కరిగించి, 40 మైక్రాన్ల జల్లెడలో మెల్లగా కడిగితే గాజు కిందికి పోతుంది, ఆర్గనాయిడ్లు పైన నిలుస్తాయి. జల్లెడ మీద మిగిలినదాన్ని అంచు కోసిన పిపెట్ టిప్‌తో తీసుకోండి. 15 మైక్రాన్ల పొడితో ఇది బాగా కుదురుతుంది. 2 మైక్రాన్ల పొడితో కుదరదు, అది ఆర్గనాయిడ్‌కు అంటుకునే ఉంటుంది. అప్పుడు ఫినాల్-గ్వానిడీన్ ద్రావణంలో కరిగించి, క్లోరోఫామ్ కలపకముందే 4 డిగ్రీల్లో 12,000 జీ వద్ద 10 నిమిషాలు తిప్పి, అడుగున చేరినదాన్ని వదిలేసి పై ద్రవంతో ముందుకు వెళ్లండి. తిరిగి వచ్చే శాతం ఈ పద్ధతికి కూడా కొలుచుకోవాలి.

వేరు చేసేటప్పుడు ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టేసే రసాయనం) వాడేవాళ్లకు ఒక మాట. గాజు బదులు హైడ్రాక్సీఅపటైట్ గానీ ట్రైకాల్షియం ఫాస్ఫేట్ గానీ (ఎముక లాంటి కాల్షియం ఖనిజాలు) ఉంటే ఈడీటీఏ ముందు దాని కాల్షియాన్నే తినేస్తుంది, కణాల మధ్య అతుకులు వదలవు. ఆర్గనాయిడ్ విడిపోవడం లేదని సమయం పెంచుకుంటూ పోతే కణాలు దెబ్బతింటాయి.

మీ ఏటీపీ అంకెను కూడా అప్పుడే నమ్మకండి. కాల్షియం ఫాస్ఫేట్ ఉపరితలాలు ఏటీపీని పట్టుకుంటాయి, తెల్లటి పొడి కాంతిని చెదరగొడుతుంది. ఇక్కడా అదే పరీక్ష: కణాలు లేని, పొడి ఉన్న డోమ్‌లో తెలిసిన ఏటీపీ కలిపి ఎంత కనిపిస్తుందో చూడండి. మెగ్నీషియం లోహం వాడేవాళ్లకు ఎంటీటీ (బతికున్న కణాలు ఊదా రంగుగా మార్చే పరీక్ష రసాయనం) అసలు పనికిరాదు. తుప్పు పట్టే మెగ్నీషియమే ఎంటీటీని రంగు పదార్థంగా మార్చేస్తుంది, ఒక్క కణం లేకపోయినా వెల్ ఊదాగా మారుతుంది.

ఎముక ఆర్గనాయిడ్ల వైపు వెళ్లేవాళ్లకు అలిజరిన్ రెడ్ అనే రంగుతో ఇదే చిక్కు. అది కాల్షియాన్ని రంగు వేస్తుంది, మీరు వేసిన హైడ్రాక్సీఅపటైట్‌నా కణాలు కట్టిన ఖనిజాన్నా అని చూడదు. వాన్ కోసా అనే ఖనిజపు రంగు పద్ధతి కూడా అంతే. కణాలు లేని జెల్‌ను అన్ని రోజులూ అదే మీడియంలో ఉంచి, అదే రోజు రంగు వేసి పక్కన పెట్టండి. ఆ ఎరుపుకు పైన వచ్చినదే కణాల పని. ఆ పైన ఆస్టియోకాల్సిన్ (ఎముక కణాల ప్రోటీన్) ఇమ్యూనో స్టెయిన్ కూడా ఉండాలి.

మైక్రోస్కోపు కింద మరో సంగతి. ఫ్రక్టోజ్-గ్లిసరాల్‌తో పారదర్శకం చేస్తే వక్రీభవన గుణకం 1.47 దగ్గర ఉంటుంది. సిలికాది 1.46, కాబట్టి సిలికా రేణువులు దాదాపు మాయమై లోపలి పొరలు చక్కగా కనిపిస్తాయి. హైడ్రాక్సీఅపటైట్ 1.65 దగ్గర ఉంటుంది, అది ఏం చేసినా చెదరగొడుతూనే ఉంటుంది. దాని వెనక ఉన్న ఆర్గనాయిడ్ మసకగా కనిపిస్తే సిగ్నల్ తగ్గిందని లెక్కలో వేయొద్దు.

జెల్‌వైపు జవాబు

గాజురసాయనం గారు చెప్పిన ఎక్స్‌ట్రాక్ట్ పద్ధతి అవసరమే, కానీ అక్కడే ఆగిపోతే పదార్థం గురించి సగమే తెలుస్తుంది. రెండు కారణాలు.

ఒకటి, ఎక్స్‌ట్రాక్ట్‌లో అయాన్లు ఒక్కసారిగా గరిష్ఠ స్థాయిలో వస్తాయి, రెండు మూడు రోజులకు మీడియం మార్చినప్పుడు మళ్లీ అంతే. నిజంగా జెల్‌లో ఉన్న గాజు మొదట కుండపోతగా, తర్వాత సన్నగా విడుదల చేస్తుంది. రెండు, పీహెచ్‌ను ఆమ్లంతో సరిచేశామంటే పదార్థం చేసే పనుల్లో ఒకదాన్ని మనమే చెరిపేసినట్టు. కాబట్టి సరిచేసినదీ సరిచేయనిదీ రెండూ పెట్టండి. రెండిటి మధ్య తేడా పీహెచ్ వాటా.

మధ్యే మార్గం ఒకటుంది. 0.4 మైక్రాన్ల రంధ్రాల ఇన్సర్ట్‌లో (వెల్‌లో వేలాడే గిన్నెలో) పొడి వేసి, కింద డోమ్ ఉంచండి. తాకిడి లేకుండా అయాన్లు నిరంతరం దిగుతాయి. ఎక్స్‌ట్రాక్ట్, ఇన్సర్ట్, జెల్‌లో నేరుగా కలిపినది: ఈ మూడూ ఒకే బ్యాచ్ మాట్రిజెల్‌తో పక్కపక్కన పెడితే అయాన్ల వాటా, స్పర్శ వాటా విడివిడిగా కనిపిస్తాయి. నేరుగా కలిపినదానికి అదే పరిమాణంలో కరగని రేణువుల కంట్రోల్ కావాలి, బోరోసిలికేట్ గాజు పూసలు చాలు. రేణువులు జెల్ గట్టిదనాన్ని కూడా మారుస్తాయి కాబట్టి ఆ కంట్రోల్ లేనిదే స్పర్శ వాటా తేలదు. బ్యాచ్ అనడానికి కారణం మాట్రిజెల్ ఎలుక కణితి నుంచి తీసినది కావడమే. ప్రోటీన్ గాఢత బ్యాచ్ బ్యాచ్‌కూ మారుతుంది. సర్టిఫికెట్‌లో అంకె చూసి, అన్ని డోములనూ ఒకే ప్రోటీన్ గాఢతకు పలుచన చేయండి.

పొడిని ముందే నానబెట్టి పీహెచ్ ఉద్ధృతి తగ్గించే అలవాటు చాలా చోట్ల ఉంది: ఒట్టి మీడియంలో ఉంచి రోజూ మార్చుతూ, మూడు నాలుగు రోజులకు 7.6 లోపు నిలబడ్డాక వాడడం. ఇది పనిచేస్తుంది. కానీ అప్పటికి దాని ఉపరితలం సిలికా జెల్, దాని మీద కాల్షియం ఫాస్ఫేట్. తాజా గాజుతో చేసిన ఫలితాలతో దాన్ని ఒకే పట్టికలో కలపకండి.

మెసోపోరస్ (నానో రంధ్రాల) గాజు సొంతంగా చేసుకునేవాళ్లు సీటాబ్ మిగులు చూసుకోవాలి. రంధ్రాలు చేయడానికి వాడే ఆ సర్ఫాక్టెంట్ కణపొరలను చీల్చేస్తుంది. 550 డిగ్రీల్లో 5, 6 గంటలు కాల్చాక ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రంలో 2850, 2920 సెం.మీ.⁻¹ దగ్గర కార్బన్-హైడ్రోజన్ గీతలు మిగిలి ఉంటే ఇంకా పోలేదన్నమాట. కాల్షియం నైట్రేట్‌తో చేసినదైతే నైట్రేట్ కూడా పోయిందో లేదో అక్కడే చూడండి.

పేగుకణం

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. ఇంకో ప్రశ్న. లిథియం కలిపిన గాజు, లేదా లిథియం ఉన్న లాపొనైట్ బంకమట్టి వాడితే వ్నట్ సంకేతం (పేగు మూలకణాలను నిలబెట్టేది) పెరిగి ఆర్-స్పాండిన్ తగ్గించుకోవచ్చని ఆలోచన. కుదురుతుందా?

గాజురసాయనం

ముందు లెక్క. లిథియం జీఎస్‌కే-3ని (వ్నట్ సంకేతాన్ని అణచే ఎంజైమును) అడ్డుకునే గాఢత మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది. కణ సంవర్ధనాల్లో లిథియం క్లోరైడ్ 10 నుంచి 20 మిల్లీమోలార్ వాడేది అందుకే. బరువులో 5 శాతం లిథియం ఆక్సైడ్ ఉన్న గాజు లీటరుకు 1 గ్రాము పూర్తిగా కరిగితే వచ్చేది 3.3 మిల్లీమోలార్. 24 గంటల్లో అంతా రాదు కూడా. గాజు పెంచితే సోడియం, పీహెచ్ మీద పడతాయి. లాపొనైట్ 1 శాతం మొత్తం కరిగినా లిథియం 4 మిల్లీమోలార్ లోపే, దానితో పాటు మెగ్నీషియం 70 దాకా. అది పీహెచ్ 9 కంటే కింద నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి నిజంగా దొరికేది ఇందులో చిన్న భాగమే.

పైగా ఆర్-స్పాండిన్ పనిచేసేది కణపొర దగ్గర, ఫ్రిజిల్డ్ గ్రాహకాలు తొలగిపోకుండా కాపాడుతుంది. లిథియం పనిచేసేది లోపల, దాని కింది మెట్టులో. రెండూ ఒకదానికొకటి సమాన బదులు కావు. లిథియం ఇనోసిటాల్ మోనోఫాస్ఫటేజ్‌ను కూడా అడ్డుకుంటుంది, కాబట్టి ఆర్గనాయిడ్లు మారాయంటే వ్నట్ వల్లే అనలేం. పరీక్షించాలంటే ఆర్-స్పాండిన్ నూరు, యాభై, ఇరవై ఐదు, సున్నా శాతాల మెట్లు పెట్టండి. ప్రతి మెట్టులో గాజు ఎక్స్‌ట్రాక్ట్, అదే గాఢతలో లిథియం క్లోరైడ్, అదే గాఢతలో సోడియం క్లోరైడ్, 3 మైక్రోమోలార్ సీహెచ్ఐఆర్99021 (జీఎస్‌కే-3ని అడ్డుకునే రసాయనం). ఎక్స్‌ట్రాక్ట్‌లో లిథియం ఎంతుందో ఐసీపీతో (మూలకాల గాఢత కొలిచే పరికరంతో) కొలిచాకే లిథియం క్లోరైడ్ గాఢత నిర్ణయించండి.

జెల్‌వైపు

లాపొనైట్‌ను నేరుగా మీడియంలో చల్లకండి. దాని పలకలు 25 నానోమీటర్ల వ్యాసం, 1 నానోమీటర్ మందం. లవణం తగలగానే అంచులు ముఖాలకు అంటుకుని ముద్దలవుతాయి. ముందు డీఅయొనైజ్డ్ నీటిలో, గట్టిగా తిప్పుతూ, పూర్తిగా పారదర్శకం అయ్యేదాకా కలపాలి. తెల్లటి మసక ఉంటే ఇంకా విడిపోలేదు. 3 శాతం దాకా ఇలా చేయవచ్చు, తర్వాతే జెల్‌తో కలిపి, చివరగా మీడియం.

అసలు ఇబ్బంది వేరే. ఆ పలకల ముఖాలు రుణావేశంతో ఉంటాయి, నాగిన్ లాంటి క్షార స్వభావపు ప్రోటీన్లు గట్టిగా అంటుకుంటాయి. మీరు మీడియంలో మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు వేసి ఉంటే అందులో స్వేచ్ఛగా ఎంత మిగిలిందో కణాలు లేని వెల్ నుంచి 2 గంటలకూ 24 గంటలకూ తీసి ఎలైసాతో (ప్రోటీన్‌ను కొలిచే యాంటీబాడీ పరీక్షతో) చూడండి. ఎముక వైపు పనిలో ఎముక పెంచే బీఎంపీ-2 ప్రోటీన్‌ను ఒకచోట పట్టి ఉంచడానికి ఇదే గుణం ఉపయోగపడుతుంది, పేగు ఆర్గనాయిడ్లకు మాత్రం ఇదే ఆకలి పెడుతుంది.

కొలబద్ద

రాగి కలిపిన గాజు కూడా జాబితాలో ఉంటే మీ మీడియంలో ఎన్-అసిటైల్ సిస్టీన్ మిల్లీమోలార్ స్థాయిలో ఉందని గుర్తుంచుకోండి. దాని థయోల్ (గంధకపు భాగం) రాగినీ జింకునూ పట్టుకుంటుంది. ఎన్-అసిటైల్ సిస్టీన్ లేని మామూలు మీడియంలో తేలిన విష పరిమితి ఇక్కడ వర్తించదు, విడిగా పలుచనల వరస వేసి కనుక్కోవాలి.

వెల్‌ల లెక్క గురించి కూడా. ఒకే ప్లేటులో ఆరు వెల్‌లు వేస్తే అవి ఒకే ప్రయోగానికి ఆరు కొలతలు, అంతే. వేర్వేరు ఎలుకల నుంచి తీసిన కనీసం మూడు లైన్లతో, వేర్వేరు రోజుల్లో, ప్రతిసారీ కొత్తగా చేసిన ఎక్స్‌ట్రాక్ట్‌తో చేస్తేనే మూడు. నిలవ ఉంచిన ఎక్స్‌ట్రాక్ట్‌ను 37 డిగ్రీలకు తెచ్చాక వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. సన్నటి తెల్లటి పొగలా కనిపిస్తే కాల్షియం ఫాస్ఫేట్ కిందికి దిగుతోంది, ఆ సీసాలో మీరు నిన్న ఐసీపీతో కొలిచిన గాఢత ఇప్పుడు లేదు.